చేతిలో పనే సాక్ష్యమైతే

ప్రశ్న: నాకు యాభై దాటాయి. ఒక పెద్ద ఆఫీసులో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. కొన్నేళ్ళ కిందట నేను చేయని తప్పుకు నాకు చార్జిమెమో ఇచ్చారు. ఆ బిల్లు పాస్ చేయమన్నది మా పైఅధికారి. ఆయన సంతకం ఉన్న కాగితం మాత్రం ఫైల్లోంచి మాయమైంది. ఎంక్వైరీ ఏళ్ళ తరబడి సాగి, చివరికి ‘అభియోగాలు రుజువు కాలేదు’ అని ఒక్క లైను ఆర్డరు చేతికొచ్చింది. క్షమించమని ఎవరూ అనలేదు. ఆ రోజుల్లోనే ఎవరో వదిలేసి వెళ్ళిన ఇంగ్లిషు నవల ఒకటి చదివాను. సైన్యంలో స్నైపరుగా, అంటే దాక్కుని చాలా దూరం నుంచి గురిచూసి కాల్చేవాడిగా, పనిచేసి వచ్చినవాణ్ణి తనవాళ్ళే ఒక హత్య కేసులో ఇరికిస్తారు. అప్పట్నుంచి అలాంటివే వెతుక్కుని చదువుతున్నాను. కాల్పులు వచ్చే పేజీలు గబగబా తిప్పేస్తాను. అతను నిర్దోషి అని తేలే ఘట్టం మాత్రం మళ్ళీ మళ్ళీ చదువుతాను. ఏ నవలలోనైనా విలన్‌కు మా పాత ఆఫీసరు మొహమే వస్తుంది. మా అబ్బాయి ‘ఇవి మగాళ్ళ పుస్తకాలమ్మా’ అని నవ్వుతాడు. మావారు ‘ఈ వయసులో ఈ చంపుకోవడాలేంటి, మంచి పుస్తకమేదైనా చదువు’ అంటారు. నాలో నాకే తెలియని హింస ఏమైనా ఉందా? ఇవి మానేయాలా? అక్కర్లేదంటే, ఇకమీదట ఎలాంటివి ఎంచుకోవాలి? (పేరు వద్దు)

జవాబు: మానేయక్కర్లేదు. ఆ మాట ముందు చెప్పేస్తే మిగతాది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు. కాల్పుల పేజీలు తిప్పేసి, నిర్దోషిగా తేలిన పేజీ దగ్గర ఆగిపోయే మనిషిలో హింస ఎక్కడ దాక్కుందా అని వెతకడం దండగ. అయితే విలన్‌కు మీ పాత ఆఫీసరు మొహం వస్తోందన్నారు చూడండి, దాన్ని మీరు ప్రశ్నగా అడగలేదు గానీ నన్ను ఆలోచనలో పడేసింది అదే. దాని దగ్గరికి వస్తాను. ముందు ఈ కథలు మిమ్మల్ని ఎందుకు పట్టుకున్నాయో చూద్దాం. కథల్లో పోలీసును ఇరికిస్తారు, డాక్టరును ఇరికిస్తారు, బ్యాంకు ఉద్యోగిని ఇరికిస్తారు. మీకు ప్రత్యేకంగా స్నైపరే ఎందుకు నచ్చాడు?

నాకు తోచింది చెబుతాను. మిగతావాళ్ళను ఇరికించాలంటే సాక్ష్యాలు పుట్టించాలి. స్నైపరు విషయంలో ఆ శ్రమ సగం తగ్గుతుంది, అతని పనితనమే సాక్ష్యంగా పనికొస్తుంది. అంత దూరం నుంచి ఒక్క తూటాతో కొట్టగలిగినవాళ్ళు ఎవరున్నారని వెతికితే కొద్దిమంది పేర్లే బయటికొస్తాయి. వాటిలో ఇతని పేరు ముందుంటుంది. ఏళ్ళ తరబడి ఒళ్ళు వంచి నేర్చుకున్నది, పతకాలు తెచ్చిపెట్టింది, ఒక్క పూటలో నేరానికి రుజువైపోతుంది. మీ ఎంక్వైరీలోనూ ఎవరో ఒకరు అనే ఉంటారు: ‘ఆ పద్దులు ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? చేస్తే ఆవిడే చేయాలి.’ పని రాని మనిషి మీద ఇలాంటి నింద నిలవదు. పని వచ్చినవాళ్ళకే ఈ దెబ్బ తగులుతుంది. నవల ఆ దెబ్బను మొదటి వంద పేజీల్లో కొట్టి, అదే పనితనంతో అతన్ని బయటికి తెస్తుంది. లాయరు రాడు, మంత్రి ఫోన్ చేయడు, పైనున్నవాళ్ళకు బుద్ధి రాదు. చేతిలో ఉన్న విద్య ఒక్కటే ఉంటుంది. మీరు మళ్ళీ మళ్ళీ చదివేది ఆ మలుపునే అనుకుంటున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఆ పని మీకు పరాయిది కాదు. సినిమాల్లో స్నైపరంటే ఒకడు మేడెక్కి, కన్ను మూసి, ట్రిగ్గర్ నొక్కి దిగిపోతాడు. అసలు పనిలో ట్రిగ్గర్ వాటా చాలా తక్కువ. సైన్యాలు మామూలుగా వాడే 7.62 మి.మీ. రైఫిల్ తూటా వెయ్యి మీటర్లు పోవడానికి ఒకటిన్నర సెకను పైనే పడుతుంది. ఆ లోపు అది పది మీటర్లకు పైనే కిందికి జారుతుంది. పక్కనుంచి గంటకు 16 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే రెండు మీటర్లకు పైగా పక్కకు పోతుంది. ఆ గాలి కూడా దారి పొడవునా ఒకేలా ఉండదు, ఇక్కడ ఒకలా, మధ్యలో ఇంకోలా. ఎండకు నేల మీద లేచే వేడిగాలి అలలు ఎటు వంగుతున్నాయో చూసి దాన్ని అంచనా కట్టాలి. వేడి, చలి, ఎత్తు అన్నీ లెక్కలోకి వస్తాయి. అందుకే ప్రతి స్నైపరు దగ్గరా డేటా బుక్ అని ఒక పుస్తకం ఉంటుంది. పేల్చిన ప్రతి గుండుకూ ఎంత దూరం, ఎంత గాలి, ఎంత వేడి, ఎక్కడ తగిలింది, ఎంత తేడా వచ్చింది అన్నీ రాసుకోవాలి. పక్కనే స్పాటర్ అనే జోడీదారు కూర్చుని చూసి సరిచేస్తూ ఉంటాడు. ఉద్యోగంలో ఎక్కువ భాగం కదలకుండా పడుకుని చూడడం, చూసింది రాసి పైకి పంపడం. తెలిసి రాసిన రచయిత చేతిలో ఈ భాగం అద్భుతంగా ఉంటుంది. తుపాకీ పుస్తకమని మీ అబ్బాయి నవ్వుతున్నాడు గానీ, అతని తల్లి చదువుతున్నది పద్దులు సరిగ్గా రాసుకునే మనిషి గురించి.

మీ కాగితం మాయమైంది కదా, ఈ కథల్లో రుజువు అలా మాయం కాదు. బారెల్ లోపల చెక్కిన గీతలు తూటా మీద గాట్లు పెడతాయి. ఏ తుపాకీ గాట్లు దానివేనని ఈ విద్య తెలిసినవాళ్ళు అంటారు. ఈ విద్య నింద మోపడానికే కాదు, తీసేయడానికీ పనికొస్తుందని చూపించిన పాత కేసు ఒకటుంది. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఒక గ్యారేజీలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. చంపినవాళ్ళలో ఇద్దరు పోలీసు యూనిఫారంలో ఉన్నారు. దాంతో పోలీసులే చేశారని ఊరంతా గుప్పుమంది. కాల్విన్ గోడార్డ్ అనే నిపుణుడు పోలీసుల దగ్గరున్న థాంప్సన్ తుపాకుల్ని (హంతకులు వాడిన రకం) తెప్పించి, పేల్చి చూసి, శవాల్లో దొరికిన తూటాలతో పక్కపక్కన పెట్టి మైక్రోస్కోపులో పోల్చాడు. ఒక్కటీ కలవలేదు. ఆ ఏడాది చివర్లో మిషిగన్‌లో ఫ్రెడ్ బర్క్ అనే నేరగాడి ఇంట్లో దొరికిన తుపాకులతో మాత్రం కలిశాయి. ఎవరి పలుకుబడితోనూ పనిలేకుండా, ఒక సీసపు ముక్క నిజం చెప్పింది. మీలా ఏళ్ళ తరబడి ఎంక్వైరీ గదుల బయట కూర్చున్నవాళ్ళకు దీనికి మించిన ఊరట ఏముంటుంది?

అబద్ధపు కేసులో ఇరుక్కుని పారిపోయే మనిషి కథ పాతదే. అతను మాజీ సైనికుడు కావడం, ఇరికించింది సొంత ప్రభుత్వం కావడం మాత్రం అమెరికావాళ్ళు తమ అనుభవం లోంచి తెచ్చుకున్నవి. 1963 నవంబర్ 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనడీని కాల్చి చంపారు. పట్టుబడిన ఓస్వాల్డ్ ఒకప్పుడు అమెరికా మెరైన్ దళంలో సైనికుడు. తనను బలిపశువును చేశారని విలేకరుల ముందు అరిచాడు. రెండు రోజులకే అతన్నీ కాల్చేశారు, విచారణ జరగనే లేదు. అతను ఒక్కడే చేశాడని ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్ 1964లో తేల్చింది. కుట్ర ఉండొచ్చని 1979లో ప్రతినిధుల సభ కమిటీ అంది. దానికి ఆధారమైన, రికార్డింగులో తుపాకీ చప్పుళ్ళను లెక్కపెట్టిన శబ్ద పరీక్ష చెల్లదని 1982లో శాస్త్రవేత్తలు కొట్టేశారు. ఈ మధ్యలోనే ప్రతిపక్షం ఆఫీసులో దొంగచాటుగా చొరబడిన వాటర్‌గేట్ కుంభకోణం, దాంతో అధ్యక్షుడు నిక్సన్ రాజీనామా. విదేశీ నాయకులను చంపడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పథకాలు వేసిందని 1975లో సెనేట్ కమిటీ బయటపెట్టడం. వియత్నాం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళను ఊరు వింతగా చూడడం. ఇన్ని చూసిన పాఠకుడికి ‘మనవాళ్ళే మన సైనికుణ్ణి బలిచ్చారు’ అంటే నమ్మడానికి పెద్ద కష్టం లేదు. నా అభిప్రాయంలో ఓస్వాల్డ్ విషయంలో కుట్ర వాదాలు చాలావరకు గాలి మాటలే. కానీ జరగని ఆ విచారణ జనం మనసులో ఒక ఖాళీ వదిలింది, నవలాకారులు అందులో కాపురం పెట్టారు.

మగాళ్ళ పుస్తకాలన్న మాటకు జవాబుగా మీ అబ్బాయికి లుద్మిలా పావ్లిచెంకో గురించి చెప్పండి. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ సైన్యంలో స్నైపరు. కీవ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతూ సైన్యంలో చేరింది. ప్రభుత్వ లెక్క ప్రకారం 309 మందిని చంపింది. 1942లో అమెరికా పర్యటనకు వెళ్తే అక్కడి పత్రికలవాళ్ళు యుద్ధరంగంలో మేకప్ వేసుకుంటారా అని అడిగారు, ఆమె యూనిఫారం పొడుగు గురించి రాశారు. యుద్ధం అయ్యాక తిరిగి వెళ్ళి డిగ్రీ పూర్తి చేసింది. ఈ విషయంలో ఇంతకంటే వాదన అక్కర్లేదు.

ఇక ఆ మొహం సంగతి.

నవలలో ఇరికించినవాడికి ఒక గది ఉంటుంది, ఒక పథకం ఉంటుంది, ఒక ఫైలు ఉంటుంది. హీరోను ఎంచుకున్నది అతని విలువ తెలిసే. చదువుతుంటే తెలియకుండానే ఒక ఓదార్పు దొరుకుతుంది: నా మీద ఇంత కుట్ర చేశారంటే నేను అంత ముఖ్యమైన మనిషినే. నిజ జీవితంలో జరిగే అన్యాయాల్లో ఎక్కువ వాటికి ఈ గౌరవం కూడా ఉండదు. ఎవరో భయపడి కాగితం తీసేస్తారు. ఇంకెవరో చదవకుండా సంతకం పెడతారు. మూడోవాడు బదిలీ మీద వెళ్ళిపోతాడు. నాలుగోవాడికి అసలు విషయమే తెలియదు. మీ ఆఫీసరు దోషి కాదని నేననడం లేదు, మీరు రాసింది చూస్తే దోషే. అయితే ఏళ్ళ తరబడి ఆ ఎంక్వైరీని నడిపింది ఆయన ఒక్కడే అయి ఉండడు. మిగతావాళ్ళకు మొహాలు లేవు కాబట్టి ఆ మొత్తం భారాన్ని మీరు ఒక్క మొహం మీద మోపుతున్నారు. పుస్తకం మూసేశాక కూడా ఆ మొహం పోవడం లేదంటే, మీకు ఇబ్బంది నవలతో కాదు. ఆఖరి అధ్యాయంలో హీరో పొందేది మీకు ఇంకా అందలేదు.

ఇక్కడ మీకు ఒక అసలు స్నైపరు కథ చెప్పాలి. కార్లోస్ హాత్‌కాక్. అమెరికా మెరైన్ దళంలో పదిహేడేళ్ళకు చేరాడు. వియత్నాంలో 93 మందిని చంపినట్టు అధికారికంగా నమోదైంది. 1967లో ఒక బ్రౌనింగ్ మెషిన్‌గన్‌కు స్కోప్ (గురిచూసే దుర్బిణి) బిగించి 2,286 మీటర్ల దూరం కొట్టాడు. ఆ రికార్డు 2002 దాకా చెక్కుచెదరలేదు. మీకిష్టమైన కథలకు నమూనా వేసిన నవలల్లో ఒకటి 1993లో స్టీఫెన్ హంటర్ రాశాడు, అందులో హీరోకు ఇతనే ప్రేరణ. నవల తీసుకున్నది మాత్రం ఇతని గురిని, ఏకాంతాన్ని. తీసుకోనిది చాలా ఉంది.

1969 సెప్టెంబర్‌లో ఇతనున్న వాహనం మందుపాతర మీదికెక్కి తగలబడింది. మంటల్లోంచి ఏడుగురు తోటి సైనికులను బయటికి లాగాడు. తన ఒళ్ళు తీవ్రంగా కాలిపోయింది. స్నైపరుగా యుద్ధరంగంలో అతని పని అక్కడితో ఆగింది. 1975లో మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉందని తేలింది. క్వాంటికోలో మెరైన్ల స్నైపర్ స్కూలు నిలబెట్టడంలో పాలుపంచుకున్నాడు, పాఠాలు చెప్పాడు, ఒళ్ళు సహకరించకపోయినా ఈడ్చుకొచ్చాడు. 1979లో వైద్య కారణాల మీద సర్వీసు నుంచి పంపేశారు. ఇరవై ఏళ్ళ సర్వీసు పూర్తి కావడానికి అప్పటికి 55 రోజులే మిగిలున్నాయి.

మీరు అకౌంట్స్ మనిషి కాబట్టి ఈ లెక్క కూడా చూడండి. ఇరవై ఏళ్ళూ పూర్తి చేసి రిటైరైతే జీతంలో సగమే వచ్చేది. అనారోగ్యం మీద పంపేయడం వల్ల నూరు శాతం వైకల్య భృతి వచ్చింది. కాగితం మీద అతనికి నష్టం ఏమీ జరగలేదు. అయినా తనను గెంటేశారనే అనుకున్నాడు. ఆ బాధలో కుంగిపోయాడు. భార్య వదిలి వెళ్ళిపోయేదాకా వచ్చి, చివరికి ఉండిపోయింది. ఇరికించినవాడు ఎవడూ లేడు, అబద్ధం లేదు, నిబంధన ప్రకారమే అంతా జరిగింది. గాయం మాత్రం మీది లాంటిదే: ఇన్నేళ్ళ పని తర్వాత ఒక్క లైను ఆర్డరు.

అతను తేరుకున్నది పగతో కాదు. సొర చేపల వేట మీద ఇష్టం పెంచుకున్నాడు. సముద్రం మీద, పడవలో, చేపలు పట్టేవాళ్ళ మధ్య. తర్వాత శిక్షణ జరిగే చోటికి వెళ్ళడం మొదలుపెట్టాడు, కుర్రాళ్ళు చుట్టూ చేరేవాళ్ళు. ఆ ఏడుగురిని కాపాడినందుకు సిల్వర్ స్టార్ పతకం ఎప్పుడిచ్చారో తెలుసా? 1996లో. మంట ఆరిన ఇరవై ఏడేళ్ళకు. 1999లో పోయాడు. చంపడం తనకెప్పుడూ ఇష్టం లేదని, తను కాల్చకపోతే తనవైపు కుర్రాళ్ళు చచ్చిపోతారనే కాల్చానని చెప్పుకున్నాడు. అంత పేరున్న గురికాడికి ఆలస్యంగానైనా దొరికిన ఆ పతకం మనుషుల్ని బతికించినందుకు కావడం ఏ నవలాకారుడికీ తట్టలేదు. తట్టినా మార్కెట్ ఒప్పుకునేది కాదేమో.

ఈ కథ చెప్పింది మీరూ చేపలు పట్టమని కాదు. అతనికి న్యాయం పైనుంచి వచ్చేలోపు, తన విద్య విలువ తెలిసినవాళ్ళ మధ్య చోటు దొరికింది. మీకు అది దొరికిందా? ఆర్డరు వచ్చాక మీ విభాగంలో ఎవరైనా వచ్చి ఒక చిక్కు పద్దు మీ ముందు పెట్టి ‘ఇది మీరే చూడాలి’ అన్నారా? అనకపోతే, కొత్తగా చేరిన పిల్లల్లో ఒకరిద్దరికి మీరే పని నేర్పడం మొదలుపెట్టండి. ఎలాంటి కాగితం మీద నోటిమాటతో సంతకం పెట్టకూడదో, ఏది నకలు తీసి దగ్గర పెట్టుకోవాలో మీకంటే బాగా చెప్పగలవాళ్ళు ఆ ఆఫీసులో ఉండరు. ఇంకో చిన్న పని. ఆ ఒక్క లైను ఆర్డరు మీ వ్యక్తిగత ఫైల్లో చేరిందో లేదో రాతపూర్వకంగా అడగండి. చేరకపోతే చేర్చమని అడిగి, చేర్చినట్టు జవాబు తీసుకోండి. క్షమాపణ మాట ఎలా ఉన్నా, ఫైలు సరిగ్గా ఉండడం మీ హక్కు. ఆ కాగితం వచ్చాక విలన్‌కు ఎవరి మొహం వస్తోందో చూసి, వీలైతే నాకు మళ్ళీ రాయండి. అప్పటికీ రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే, ఆ మొహమే కళ్ళ ముందు తిరుగుతుంటే, కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడానికి వెనకాడకండి.

మీవారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను. ఈ నవలల్లో నిజంగానే ఒక దోషం ఉంది. హీరోకు జరిగిన అన్యాయం ఎంత పెద్దదంటే, అతని స్కోప్‌లో కనపడేవాళ్ళ సంగతి మనం అడగడం మానేస్తాం. కాపలా కాసే కిరాయి కుర్రాడు, డ్రైవరు, పేరు కూడా లేని ఇరవైమంది. వాళ్ళ చావులు లెక్క కోసమే. ఎదుటివాడు ఏ దేశంవాడో, ఏ రంగువాడో చెప్పి వదిలేస్తే చాలనుకునే రచయితలు బోలెడు. మీరు కాల్పుల పేజీలు తిప్పేయడం వెనక అసహ్యమే కాదు, మంచి పాఠకురాలి అనుమానం కూడా ఉండొచ్చు. ఆయన చెప్పే మంచి పుస్తకాలు కూడా ఒకటి అరా చదవండి, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. మీవి ఆయన చేత చదివించాలనుకుంటే మొదటి వంద పేజీలే ఇవ్వండి, ఈ రకంలో సత్తా ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

ఎలాంటివి ఎంచుకోవాలంటే, హీరో ఎదురుచూసే పేజీలు ఎక్కువున్నవి. స్పాటర్‌కు, అంటే పక్కనున్న మనిషికి, సొంత మాట, సొంత బతుకు ఉన్నవి. జోడీదారు లేని స్నైపరును రాసే రచయితకు ఆ పని గురించి పెద్దగా తెలియదని నా అనుమానం. నిర్దోషిగా తేలాక కూడా హీరో ఏదో ఒకటి పోగొట్టుకున్నవి. తుపాకీ భాగాల పేర్లు పేజీ పొడవునా వరసపెట్టి, మనిషి గురించి రెండు లైన్లతో సరిపెట్టేవి పక్కన పడేయండి. చివర్లో విలన్ హీరోను తుపాకీ ముందు నిలబెట్టి తన పథకమంతా వివరించే ఉపన్యాసం దాదాపు అన్నిట్లోనూ వస్తుంది. నేను వాటిని చదవడం ఎప్పుడో మానేశాను. కాల్పుల పేజీలతో పాటు మీరు వాటినీ తిప్పేయవచ్చు, కథేమీ చెడదు.